అనువంశికత: కలిసినా కరగని జన్యువులు

తల్లిదండ్రుల లక్షణాలు సంతానానికి సంక్రమించడమే అనువంశికత. ఇద్దరి లక్షణాలూ పాలూ నీళ్లలా కలిసిపోయి బిడ్డలో సగటుగా తేలతాయని 19వ శతాబ్దంలో చాలామంది శాస్త్రజ్ఞులే నమ్మారు. అదే నిజమైతే ప్రతి తరంలోనూ తేడాలు సగమవుతూ, కొద్ది తరాల్లోనే జాతి మొత్తం ఒకే మూసలోకి రావాలి. కొత్తగా పుట్టిన మేలైన లక్షణం కూడా ఇలాగే పలచబడిపోతుంది కదా అని 1867లో ఫ్లీమింగ్ జెంకిన్ అనే ఇంజినీరు, సహజ ఎంపికను ప్రతిపాదించిన డార్విన్‌ను నిలదీశాడు. ప్రకృతిలో అలా జరగడం లేదు. ఎందుకంటే సంక్రమించేది లక్షణం కాదు, దాన్ని నిర్దేశించే జన్యువు. పక్కన మరో రూపంలోని జన్యువు ఉన్నా అది తన రూపాన్ని కోల్పోదు.

దీనికి తొలి గట్టి సాక్ష్యం బ్ర్నో నగరంలోని మఠం తోటలో దొరికింది. 1856 నుంచి 1863 వరకు అక్కడి సన్యాసి గ్రెగర్ మెండెల్ బటానీ మొక్కలను సంకరం చేశాడు. గుండ్రని గింజల రకాన్ని ముడతల గింజల రకంతో కలిపితే మొదటి తరంలో అన్నీ గుండ్రనివే వచ్చాయి. వాటిని స్వపరాగ సంపర్కానికి వదిలితే రెండో తరంలో 5,474 గుండ్రనివి, 1,850 ముడతలవి వచ్చాయి. అంటే దాదాపు 3:1. నిష్పత్తి కంటే విలువైనది, ఒక తరం పాటు జాడ లేని ముడత ఏమాత్రం పలచబడకుండా తిరిగి రావడం. మెండెల్ అక్కడితో ఆగలేదు. రెండో తరపు గుండ్రని గింజల నుంచి 565 మొక్కలు పెంచి చూశాడు. 193 గుండ్రని గింజలే ఇచ్చాయి, 372 రెండు రకాలూ ఇచ్చాయి. పైకి ఒకేలా కనిపించేవాటిలో మూడింట రెండు వంతులు ముడత జన్యువును లోపల మోస్తున్నాయన్నమాట. ప్రతి మొక్కలో ఒక్కో లక్షణానికి జన్యువు జంటగా ఉంటుందనీ, బీజకణాలు ఏర్పడేటప్పుడు ఆ జంట విడిపోతుందనీ చెప్పే పృథక్కరణ సూత్రానికి ఆధారం ఇదే.

సంకరం ఎప్పుడూ ఒక వైపే మొగ్గదు కదా అన్న ఆక్షేపణ సహజం. ఎర్ర చంద్రకాంతను తెల్ల చంద్రకాంతతో కలిపితే గులాబీ రంగు పూలు పూస్తాయి. చూడటానికి ఇది అచ్చంగా కలయికే. కానీ ఆ గులాబీ మొక్కల సంతానంలో ఎరుపు, గులాబీ, తెలుపు 1:2:1గా విడిపోతాయి. నిజంగా కరిగిపోయి ఉంటే ఎరుపు మళ్లీ పుట్టుకొచ్చేది కాదు. జంటలో ఒక రూపం మరోదాన్ని కప్పేసే బహిర్గతత్వం అనేది జన్యువుల పనితనానికి సంబంధించినది, సంక్రమణకు సంబంధించినది కాదు. ముడత గింజల్లో పిండిపదార్థపు శాఖలను కట్టే ఎంజైమ్ జన్యువు దెబ్బతిని ఉంటుందని 1990లో తేలింది. ఒక్క మంచి ప్రతి ఉన్నా గింజ గుండ్రంగానే ఎదుగుతుంది. అయినా సూక్ష్మదర్శిని కింద సంకర గింజల పిండి రేణువులు మధ్యస్థంగా కనిపిస్తాయి. ఒకే గింజ కంటికి ఒక తీరుగా, సూక్ష్మదర్శినికి మరో తీరుగా తోచినప్పుడు, ఆ తేడా మనం చూసే స్థాయిలోనిదే.

ఎత్తు, ఒంటి రంగు వంటివి మెట్లుమెట్లుగా కాక నిరంతరంగా మారతాయి. ఇది మరింత బలమైన అభ్యంతరం, దీనిపై ఏళ్ల తరబడి వాదం నడిచింది. స్వీడన్‌కు చెందిన నిల్సన్-ఎలె గోధుమ గింజల రంగును పరిశీలించి, ఒక సంకరంలో మూడు జన్యువుల ప్రభావం కూడటం వల్ల ఎరుపులో అనేక ఛాయలు వస్తాయని చూపాడు. అక్కడ రెండో తరంలో 64కు ఒకటి చొప్పున శుద్ధమైన తెల్ల గింజ తిరిగి వస్తుంది. ఇలాంటి చిన్న ప్రభావాలు ఎక్కువైతే మెట్లు చెరిగి వాలులా కనిపిస్తాయని 1918లో గణాంక శాస్త్రజ్ఞుడు ఫిషర్ గణితంతో నిరూపించాడు. 54 లక్షల మంది జన్యు సమాచారంతో 2022లో వెలువడిన అధ్యయనం మనిషి ఎత్తుతో ముడిపడిన 12 వేలకు పైగా డీఎన్‌ఏ తేడాలను గుర్తించింది. పోషణ ప్రభావం దీనికి అదనం.

వేర్వేరు లక్షణాల జన్యువులు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా సంక్రమిస్తాయనే మెండెల్ స్వతంత్ర వ్యూహన సూత్రానికి మాత్రం హద్దులున్నాయి. ఒకే క్రోమోజోముపై దగ్గరగా ఉన్న జన్యువులు కలిసే ప్రయాణిస్తాయని జన్యుశాస్త్రజ్ఞుడు మోర్గాన్ బృందం పండు ఈగల్లో చూపింది. పృథక్కరణకు కూడా లోబడనివి కణద్రవ్యంలోని జన్యువులు. చంద్రకాంతలోనే తెలుపు, ఆకుపచ్చ మచ్చల ఆకుల రకం ఉంది. దాని సంతానపు ఆకుల రంగును పుప్పొడి నిర్ణయించదు, గింజ ఏ కొమ్మ మీద కాసిందన్నదే నిర్ణయిస్తుందని 1909లో వృక్షశాస్త్రజ్ఞుడు కోరెన్స్ గమనించాడు. ఎందుకంటే ఈ రంగును నిర్ణయించే జన్యువులున్న హరితరేణువులు ఈ మొక్కలో తల్లి నుంచే వస్తాయి. అయితే అక్కడా కరగడం లేదు. మచ్చల కొమ్మ గింజల నుంచి మచ్చల మొక్కలతో పాటు పూర్తి పచ్చనివీ, పత్రహరితం లేక త్వరలోనే చనిపోయే పూర్తి తెల్లనివీ మొలుస్తాయి.