గాలమునకు కట్టిన ఈకలు

సంక్రాంతి పండుగ గడచిన పిమ్మట ముసునూరు, నూజివీడు ప్రాంతపు మామిడి తోటలలో నడచినచో చెట్ల క్రింద కోడిపుంజుల ఈకలు రాలి కనబడును. పందెములను చట్టము నిషేధించినను అవి ఆగలేదని ఆ ఈకలే సాక్ష్యము చెప్పును. పందెముల సంగతి అటుంచి, ఒక ఈకను చేతిలోనికి తీసికొనుడు. మెడనుండి రాలినదైతే మరీ మంచిది. అది సన్నగా, కోసుగా, నిగనిగలాడుచు ఉండును. మన పందెగాండ్రు ఈకల రంగును బట్టి పుంజులకు కాకి, సేతువ, డేగ, పూల, సవల అని పేర్లు పెట్టిరి. మెడ ఈకలను ఇంతటి శ్రద్ధతోనే పరీక్షించి, రంగు రంగునకు పేరు పెట్టినవారు మరొకరు కూడ ఉన్నారు. వారు ఇంగ్లండు, స్కాట్లండు దేశములలో గాలము వేసి చేపలు పట్టువారు. నడిమ నల్లని చార గల తెల్ల ఈక వారికి ‘బాడ్జర్’. అదే చార ఎర్ర ఈకలో ఉన్నచో ‘ఫర్నేస్’.

గాలమునకు, కోడి ఈకకు సంబంధమేమని విద్యార్థులు అడుగవచ్చును. మన చెరువులలో గాలమునకు వానపామును గుచ్చుదురు. కొర్రమేను కొరకైతే చిన్న కప్పను గుచ్చుదురు. చల్లని కొండవాగులలో పెరుగు ట్రౌట్ అను చేప నీటిపై వ్రాలు ఈగలను, దోమల వంటి పురుగులను ఇష్టముగా తినును. అంత చిన్న పురుగును ముల్లుకు గుచ్చబోయినచో నలిగిపోవును. అందుచేత ముల్లుమీదనే దారముతో, ఉన్నితో, ఈకతో పురుగు బొమ్మను కట్టిరి. దానికి ‘ఫ్లై’, అనగా ఈగ, అని పేరు.

ఈ విద్య చాల పాతది. ఏలియన్ అను రచయిత క్రీ. శ. 200 ప్రాంతమున తన జంతువుల గ్రంథములో మాసిడోనియాలోని ఒక నదిని గూర్చి వ్రాసెను. అచ్చటివారు గాలపు ముల్లుకు ఎర్రని ఉన్ని చుట్టి, పుంజు గొంతు క్రింది మైనపు రంగు ఈకలు రెండింటిని కట్టి, మచ్చల చేపలను పట్టుచుండిరట. 1496 లో ఇంగ్లండులో అచ్చయిన గాలపు వేట పుస్తకమున పండ్రెండు ఈగల తయారీ వివరింపబడినది. వానిలో కొన్నింటికి ఉన్ని ఒంటిపై నెమలి ఈక పోగును చుట్టవలెనని కలదు. వాస్కో డ గామా మన తీరము చేరుటకు రెండేండ్ల ముందే మన నెమలి అచ్చటి గాలమునకు ఎక్కినదన్నమాట!

కోడి మెడ ఈకయే ఎందుకు? ఈకను భూతద్దముతో చూచినచో కాడకు ఇరువైపుల పోగులును, ఆ పోగులకు మరల నూగు వంటి సన్నని పోగులును, వానిలో కొన్నింటికి అతిసూక్ష్మమైన కొక్కెములును ఉన్నవని తెలియును. ఈ కొక్కెములు పక్క పోగును పట్టుకొనుట చేతనే రెక్క ఈక ఒక్క రేకువలె నిలుచును. పుంజు మెడ ఈక చివరి భాగమున ఈ నూగు దాదాపు ఉండదు. కనుక పోగులు విడివిడిగా, బిరుసుగా, మెరయుచు ఉండును. ఆ ఈకను ముల్లు చుట్టు త్రిప్పి కట్టినచో పోగులు సాలీడు కాళ్ళవలె నలువైపుల నిలిచి, నీటి తలతన్యతపై బొమ్మను తేల్చును. పెట్ట మెడ ఈకకు నూగు ఎక్కువ. అది నీటిని పీల్చి మునుగును. అడుగున తిరుగు చేపకు పెట్ట ఈక, పైన తిరుగు చేపకు పుంజు ఈక అని పనివారు అనుభవమున కనుగొనిరి.

పందొమ్మిదవ శతాబ్దిలో కథ మరొక దారి పట్టినది. సముద్రమునుండి గ్రుడ్లు పెట్టుటకై నదులలోనికి ఎక్కివచ్చు సాల్మన్ చేప ఆ ప్రయాణములో మేత ముట్టదు. అయినను ఎదుట మెరసిన వస్తువును ఒక్కొక్కప్పుడు నోట కరచును. కారణము కోపమో, పాత అలవాటో నేటికిని వాదమే. తినని చేపకు ఏ పురుగు బొమ్మ అయిన నేమి? పురుగును పోలవలెనను కట్టుబాటు తొలగగా కట్టువాని ఊహకు హద్దు లేకపోయినది. ‘జాక్ స్కాట్’ అను పేరుగల ఒక్క ఈగలో చైనా బంగారు ఫెజెంట్, ఆఫ్రికా గినీకోడి, దక్షిణ అమెరికా టూకన్, మన నెమలి, మన అడవికోడి అన్నియు చేరినవి. 1895 లో జార్జి కెల్సన్ ప్రకటించిన గ్రంథము ఇట్టి ఈగలను వందల కొలది వర్ణించి, ఏ ఈక ఎచ్చట ఉండవలెనో శాసించినది. చేపకు ఈ శాసనములతో పని లేదు. రంగు వేసిన ఇంటికోడి ఈకకును అది చిక్కును.

ఈ ఈగల రెక్క కట్టుట మాత్రము నిజముగా చూడదగిన పని. వేరువేరు పక్షుల ఈకలనుండి నాలుగైదు పోగుల చొప్పున చీల్చి, అంచున అంచు చేర్చి వ్రేళ్ళతో దువ్వుదురు. కొక్కెములు ఒకదానినొకటి పట్టుకొని, జిగురు లేకుండనే పలు రంగుల ఒక్క రెక్క అగును. దీనిని వారు ‘పెండ్లి’ అందురు. ఎడమ రెక్క ఈకల పోగులు ఎడమవానితోనే కలియును, కుడివానితో కలియవు. తరగతిలో రెండు ఇంటికోళ్ళ రెక్క ఈకలతో దీనిని ప్రయత్నింపవచ్చును.

ఇక మన అడవికోడి. ఫ్రెంచి యాత్రికుడు సొన్నెరా 1782 లో ప్రకటించిన గ్రంథమున దీనిని వర్ణించెను. 1813 లో టెమ్మింక్ ఆయన పేరనే దీనికి శాస్త్రీయ నామమిడెను. ఇది ముఖ్యముగా భారత ద్వీపకల్పమునకు చెందిన బూడిదరంగు అడవికోడి. తూర్పున దీనికి రమారమి హద్దు గోదావరి. ఆవల ఎర్ర అడవికోడి రాజ్యము. పుంజు మెడ ఈకలపై పసుపు, తెలుపు బొట్లుండును. బొట్టు వద్ద ఈక విడిపోగులుగా నుండక గట్టిపడి, లక్క చుక్క వలె మెరయును. నీటిలో అది చిన్న చేప కన్ను వలె తోచునని చాల సాల్మన్ ఈగలకు ఇరుచెంపల దానిని అమర్చిరి. డార్విను 1868 లో ఇంటికోళ్ళకు మూలము ఎర్ర అడవికోడి ఒక్కటే అని వ్రాసెను. ఇంటికోళ్ళ పసుపు చర్మపు జన్యువు మాత్రము బూడిదరంగు అడవికోడినుండి వచ్చినదని 2008 లో తేలినది. మన పెరటి పుంజు పసుపు కాళ్ళు ఆ అడవి చుట్టరికమునకు గుర్తులు.

టోపీల అలంకారము కొరకు అప్పటికే పక్షులు లక్షల కొలది హతమగుచుండెను. 1902 లో భారత ప్రభుత్వము అడవి పక్షుల తోళ్ళు, ఈకల ఎగుమతిని నిషేధించినది. 1921 లో బ్రిటను దిగుమతిని నిషేధించినది. అయినను అడవికోడి మెడతోళ్ళు ఇంకను దశాబ్దములపాటు పాశ్చాత్యుల అంగళ్ళలో కనబడినవి. నేడు మన దేశమున 1972 నాటి వన్యప్రాణి చట్టము ఈ పక్షిని కాపాడుచున్నది. విదేశములలో పెంచిన పుంజుల ఈకలతో అక్కడి పనివారు సరిపెట్టుకొనుచున్నారు.

అందరును సరిపెట్టుకొనలేదు. 2009 జూన్ నెలలో ఇంగ్లండులోని ట్రింగ్ వస్తుప్రదర్శనశాలలోనికి, ఈగలు కట్టుటలో ఆరితేరిన ఒక సంగీత విద్యార్థి రాత్రివేళ చొరబడి 299 పక్షి చర్మములను ఎత్తుకొనిపోయెను. వానిలో వాలెస్ మలయా ద్వీపములలో సేకరించినవి కూడ ఉండెను. దొంగ చిక్కెను, చర్మములు కొన్ని తిరిగి వచ్చినవి. కాని చాలవాని కాళ్ళకు కట్టిన చీటీలు తెగిపోయినవి. ఏ చోట, ఏ నాడు, ఎవరు పట్టినదో ఆ చీటీయే చెప్పవలెను. చీటీ లేని చర్మము రంగుల ఈకల కట్ట మాత్రమే. దానినుండి నూరేండ్లనాటి అడవిని గూర్చి శాస్త్రజ్ఞుడు తెలిసికొనగలిగినది చాల తక్కువ.

మామిడి తోటలో ఏరిన ఇంటికోడి ఈకను పుస్తకములో దాచునప్పుడు దాని ప్రక్కన ఊరు, తేది, పుంజు రంగుపేరు ఒక చీటీపై వ్రాసి అంటించుడు.