డిక్ లెబో: ఆటగాడి పద్దు, శిక్షకుడి పద్దు

2010 ఆగస్టు 7న ఒహాయో రాష్ట్రంలోని కాంటన్‌లో డిక్ లెబో అమెరికన్ ఫుట్‌బాల్ దిగ్గజాల గౌరవ వేదికైన ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరారు. అప్పటికి ఆయన వయసు 72. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టుకు డిఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా ఇంకా కొలువులోనే ఉన్నారు. ఆ రోజు సాధన మానుకుని జట్టంతా వేడుకకు తరలివచ్చింది. ఆ సందడి వల్ల కాబోలు, ఆ గౌరవం ఆయన శిక్షకత్వానికే దక్కిందన్న అభిప్రాయం అభిమానుల్లో పాతుకుపోయింది. 'జోన్ బ్లిట్జ్' అనే రక్షణ వ్యూహాన్ని కనిపెట్టింది ఆయనేనన్నది దానికి జోడుగా వినిపించే మరో మాట. మొదటిది నియమాల ముందు నిలబడదు. రెండోది కొన్ని సవరణలతో మాత్రమే నిలబడుతుంది. లభ్యమైన తేదీలు, గణాంకాల వెలుగులో ఈ రెండింటినీ విడివిడిగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. తొలి ఆధారాలు

లెబో 1937 సెప్టెంబరు 9న ఒహాయోలోని లండన్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో శిక్షకుడు వుడీ హేస్ దగ్గర ఆడారు. 1957 జాతీయ విజేత జట్టులో ఆయన సభ్యులని జీవిత పరిచయాలన్నీ చెబుతాయి. ఇక్కడ చిన్న మెలిక ఉంది. ఆ రోజుల్లో కళాశాల ఫుట్‌బాల్ విజేతను ఓట్లతో నిర్ణయించేవారు. ఆ ఏడు శిక్షకుల ఓటు ఒహాయో స్టేట్‌కు పడితే, అసోసియేటెడ్ ప్రెస్ విలేఖరుల ఓటు ఆబర్న్‌కు పడింది. కాబట్టి 'ఉమ్మడి విజేత' అనడమే సముచితం.

1959 డ్రాఫ్ట్‌లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టు ఆయన్ను అయిదో రౌండులో ఎంచుకుంది, సీజన్ మొదలుకాకముందే వదిలేసింది. నాటి బ్రౌన్స్ శిక్షకుడు పాల్ బ్రౌన్. ఈ పేరు మళ్లీ వస్తుంది. అదే ఏడు డెట్రాయిట్ లయన్స్ ఆయన్ను చేర్చుకుంది. 1972 దాకా, అంటే 14 సీజన్ల పాటు, ఆయన మరో జట్టుకు ఆడలేదు.

2. అరవై రెండు ఇంటర్‌సెప్షన్లు

కార్నర్‌బ్యాక్ పని మైదానం అంచున ప్రత్యర్థి రిసీవర్‌ను నీడలా వెంటాడటం, అతనికి రావలసిన బంతిని అడ్డుకోవడం, వీలైతే గాలిలోనే దొరకబుచ్చుకోవడం (ఇదే ఇంటర్‌సెప్షన్). లెబో 185 ఆటల్లో 62 ఇంటర్‌సెప్షన్లు సాధించారు. ఆయన విరమించేనాటికి ఎమ్లెన్ టన్నెల్ (79), డిక్ 'నైట్ ట్రెయిన్' లేన్ (68) తరువాత మూడో స్థానం అదే. కార్నర్‌బ్యాక్‌గా వరసగా 171 ఆటలు ఆడటం కూడా ఆనాటికి రికార్డుగానే నమోదైంది.

ఈ అంకెల విలువ మీద ఒక సందేహం సహజం. 1960 నుంచి 1965 వరకు లయన్స్ రెండో అంచున కాపు కాసినవాడు నైట్ ట్రెయిన్ లేన్. అతని వైపు బంతి విసరడానికి క్వార్టర్‌బ్యాక్‌లు జంకేవారు గనుక, బంతులు ఎక్కువగా లెబో వైపు వచ్చి ఉండవచ్చు; అవకాశాలు పెరిగితే అంకెలూ పెరుగుతాయి. వాదనలో బలం ఉంది. అయితే లేన్ విరమించిన అయిదేళ్లకు, 1970లో, లెబో ఒకే సీజన్లో 9 ఇంటర్‌సెప్షన్లు సాధించారు. అప్పుడు రెండో అంచున లేన్‌లాగే మేటి అయిన లెమ్ బార్నీ ఉన్నాడు. కనుక సందేహం పూర్తిగా తీరిందనలేం, చాలావరకు సడలిందనవచ్చు. ఆ ఏటి మేటి ఆటగాళ్ల పోటీ అయిన ప్రో బౌల్‌కు మాత్రం ఆయనకు పిలుపు రాలేదు. ఆయన ప్రో బౌల్ ఎంపికలు మూడే: 1964, 1965, 1966.

సగటు చూస్తే చిత్రం కొంచెం మారుతుంది. లెబో సుమారు మూడు ఆటలకొకటి సాధించారు. లేన్ 157 ఆటల్లో 68, టన్నెల్ 167 ఆటల్లో 79 సాధించి వేగంలో ఆయన్ను మించారు. లెబో ప్రత్యేకత వేగం కన్నా నిలకడలో ఉందని చెప్పడం ఎక్కువ సురక్షితం.

జట్టు ఫలితాలు ఈ అంకెలకు తోడు రాలేదు. లయన్స్ చివరి టైటిల్ 1957లో, ఆయన రాకకు ముందే వచ్చింది. 14 సీజన్లలో ఆయన జట్టు ఆడిన అసలైన ప్లేఆఫ్ ఒక్కటే: 1970 డిసెంబరు 26న డాలస్ చేతిలో 5–0 ఓటమి. టచ్‌డౌన్ ఒక్కటీ ఇవ్వకుండా ఓడిన రక్షణ దళం అది. అందులో రెండు పాయింట్లు లయన్స్ దాడి దళం సొంత ఎండ్‌జోన్‌లో చిక్కి సమర్పించుకున్నవే. అంతగా కాపు కాసిన వాళ్లను ఈ ఓటమికి బాధ్యులను చేయడం అన్యాయం.

3. గౌరవం ఏ పద్దు కింద?

ఈ ప్రశ్నకు నియమాలే సమాధానం. శిక్షకులను హాల్ ఆఫ్ ఫేమ్‌కు పరిశీలించాలంటే 2010 నాటి నిబంధన ప్రకారం వారు ఆ పని విరమించి అయిదేళ్లు కావాలి. లెబో విరమించలేదు. ఆయన పేరు చాలాకాలం క్రితం ఆడిన వారిని పరిశీలించే సీనియర్స్ కమిటీ ద్వారా వచ్చింది. కాబట్టి ఆయన ఎంపిక కేవలం ఆటగాడిగానే. లయన్స్‌లో ఆయన సహచరులైన లేన్ 1974లో, యేల్ లారీ 1979లో, బార్నీ 1992లో చేరగా ఆయనకు మాత్రం ఆట ముగించాక 38 ఏళ్లు పట్టింది. శిక్షకుడిగా వచ్చిన పేరు ఓటర్ల మనసుల్లో అసలు పనిచేయలేదని చెప్పడం అమాయకత్వమే అవుతుంది. 2007లో స్టీలర్స్ ఆటగాళ్లు ఆయన పాత 44 నంబరు జెర్సీ తొడుక్కుని కాంటన్‌లో బాహాటంగా ప్రచారం చేశారు. అయినా కాగితం మీద నిలిచేది 62 అన్న అంకే.

4. ఆట నుంచి శిక్షణకు

1973లో లెబో శిక్షకుడయ్యారు. ఆయనకు తొలి కొలువులు ఇచ్చినవారి జాబితా ఆసక్తికరం. ఫిలడెల్ఫియా ఈగిల్స్‌లో (1973–75) ఆయన పైన ఉన్న మైక్ మెకార్మాక్, 1959లో బ్రౌన్స్ జట్టు ఆటగాడు. గ్రీన్ బే ప్యాకర్స్‌లో (1976–79) పైన ఉన్నది బార్ట్ స్టార్. 1962 థ్యాంక్స్‌గివింగ్ నాడు లయన్స్ రక్షణ దళం నేల కరిపించిన క్వార్టర్‌బ్యాక్ ఈయనే. ఆ రోజు 11 సార్లు పడగొట్టారని చెబుతారు. క్వార్టర్‌బ్యాక్‌ను ఇలా పడగొట్టే సాక్‌లను లీగు అధికారికంగా లెక్కించడం 1982లోనే మొదలైంది గనుక ఆ అంకె తరువాత కూర్చినదని గమనించాలి. సిన్సినాటి బెంగాల్స్‌లో (1980 నుంచి) ప్రధాన శిక్షకుడు ఫారెస్ట్ గ్రెగ్, అదే ప్యాకర్స్ జట్టు మాజీ ఆటగాడు. ఆ జట్టు వ్యవహారాలు నడిపింది 1959లో లెబోను వదిలేసిన పాల్ బ్రౌన్. వీరంతా ఆయన ఆటను అవతలి పక్షం నుంచి చూసినవారు. ఉద్యోగాలకు అదే కారణమని దీనితో రుజువు కాదు. శిక్షకుడిగా పూర్వానుభవం లేని వ్యక్తికి తలుపులు ఎలా తెరుచుకున్నాయో ఊహించడానికి మాత్రం ఇది ఉపకరిస్తుంది.

సిన్సినాటిలో ఆయన దగ్గర ఆడిన కార్నర్‌బ్యాక్‌లలో కెన్ రైలీ ఒకడు. రైలీ 1983లో తన శిక్షకుడి 62ను దాటి 65 వద్ద ఆగాడు. తరువాత పిట్స్‌బర్గ్‌లో ఆయన దగ్గర ఆడిన రాడ్ వుడ్సన్ 71 వరకు వెళ్లాడు. గురువు రికార్డును ఇద్దరు శిష్యులు దాటారు.

5. జోన్ బ్లిట్జ్: ఎవరి సృష్టి?

మామూలు బ్లిట్జ్‌లో క్వార్టర్‌బ్యాక్ మీదికి అదనంగా మనుషులను పంపుతారు. ఫలితంగా వెనక రిసీవర్లను ఒంటికి ఒంటిగా కాపు కాయాలి. ఒక్కడు జారితే టచ్‌డౌనే. జోన్ బ్లిట్జ్‌లో రెండో వరసలోని లైన్‌బ్యాకరో చివరి వరసలోని సేఫ్టీయో మీదికి దూకుతాడు, కానీ ముందుకు రావలసిన భారీ లైన్‌మన్ ఒకడు వెనక్కి తగ్గి దగ్గరి పాస్ దారిలో నిలుస్తాడు. మీదికి వచ్చేవారు సాధారణంగా అయిదుగురే, మిగతావారు ప్రాంతాలను కాస్తారు. దూకినవాడు ఖాళీ చేసిన చోటికి బంతి విసరబోయిన క్వార్టర్‌బ్యాక్‌కు అక్కడ ఊహించని మనిషి కనిపిస్తాడు. క్రికెట్ తెలిసినవారికి గూగ్లీ గుర్తు రావచ్చు: చేయి అదే, తిరిగే దిక్కు వేరు.

ఈ ఊహ మూలాలు లెబోకు ముందే కనిపిస్తాయి. 1970ల తొలినాళ్లలో మయామీ డాల్ఫిన్స్ రక్షణ శిక్షకుడు బిల్ ఆర్న్స్‌పార్గర్, బాబ్ మాథెసన్ అనే లైన్‌బ్యాకర్‌ను ఒకసారి మీదికి పంపుతూ, మరోసారి వెనక్కి దింపుతూ ప్రత్యర్థులను తికమకపెట్టాడు. మాథెసన్ జెర్సీ నంబరు మీద ఆ అమరికకు '53' అని పేరు పడింది. ఆర్న్స్‌పార్గర్ 1984 నుంచి 1986 వరకు లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయ ప్రధాన శిక్షకుడు. అక్కడ ఆయనతో జరిగిన సంభాషణ, ప్రమాదం తక్కువగా ఒత్తిడి పెంచాలన్న ఆయన ఆలోచన తనకు దారి చూపాయని లెబో స్వయంగా చెప్పుకున్నారు. తిరుగు విమానంలో నాప్‌కిన్ల మీద గీతలు గీశారన్న కథ దీనికి అలంకారంగా చేరింది. వాదనకు దానితో పనిలేదు. అసలు సాక్ష్యం లెబో ఒప్పుకోలే. ఖ్యాతి తనకు వస్తున్నప్పుడు మరొకరి పేరు చెప్పిన వ్యక్తి మాటకు బరువు ఎక్కువ.

అయితే లెబో చేసిందేమిటి? 1984లో డిఫెన్సివ్ కోఆర్డినేటర్ అయ్యాక ఆయన దీన్ని అప్పుడప్పుడు వాడే ఎత్తుగా కాక, రక్షణకు వెన్నెముకగా మార్చారు. డేవిడ్ ఫుల్చర్ వంటి భారీ సేఫ్టీ అందుకు అనువుగా దొరికాడు. దీని అవసరం ఎక్కడి నుంచి వచ్చిందన్నదీ గమనార్హం. త్వరగా విసిరే చిన్న పాస్‌ల దాడిని బిల్ వాల్ష్ 1970 ప్రాంతంలో రూపొందించింది సిన్సినాటిలోనే. రోగమూ మందూ ఒకే జట్టులో పుట్టాయన్నమాట. మందు ప్రతిసారీ పనిచేయలేదు: 1989 జనవరిలో లీగు అంతిమ పోటీ అయిన 23వ సూపర్ బౌల్‌లో, అప్పటికి ప్రత్యర్థి శిక్షకుడైన వాల్ష్ జట్టు చివరి దాడిలో 92 గజాలు నడిచి, 34 సెకన్లు మిగిలి ఉండగా బెంగాల్స్‌ను 20–16తో ఓడించింది.

వ్యూహానికి ప్రాచుర్యం వచ్చింది పిట్స్‌బర్గ్‌లో. 1992లో బిల్ కౌహర్ ప్రధాన శిక్షకుడు, డామ్ కేపర్స్ డిఫెన్సివ్ కోఆర్డినేటర్, లెబో వెనక వరస శిక్షకుడు, మార్విన్ లూయిస్ లైన్‌బ్యాకర్ల శిక్షకుడు. లెబో కోఆర్డినేటర్ అయింది 1995లో, కేపర్స్ కరోలినాకు వెళ్లాక. అందువల్ల 1992–94 నాటి ఫలితాలను లెబో ఒక్కరి ఖాతాలో వేయడం తేదీలకు పొసగదు. 2011 ఫిబ్రవరిలో 45వ సూపర్ బౌల్‌లో గ్రీన్ బే రక్షణను నడిపి లెబో జట్టు మీద గెలిచింది ఈ కేపర్సే.

6. మరికొన్ని లెక్కలు

తరువాత బెంగాల్స్ ప్రధాన శిక్షకుడిగా లెబో రికార్డు 12 గెలుపులు, 33 ఓటములు. మూడు సీజన్లని రాస్తారు గానీ, 2000లో ఆయన పగ్గాలు చేపట్టేసరికే బెంగాల్స్ మూడు ఆటలు ఓడింది. ఆయన పద్దులో ఉన్నవి 45 ఆటలే. సహాయ శిక్షకుడిగా ఆరు సూపర్ బౌల్‌లు చూసి రెండు గెలిచారు. 2008లో, మళ్లీ ఆయన నడిపిన స్టీలర్స్ రక్షణ 16 ఆటల్లో ఇచ్చిన 223 పాయింట్లు ఆ ఏడు లీగులో అతి తక్కువ. 2017లో టెనెసీ టైటన్స్‌తో ముగించేనాటికి ఆటగాడిగా 14, శిక్షకుడిగా 45, మొత్తం 59 సీజన్లు విరామం లేకుండా గడిచాయి.

ఇక 2009 ఫిబ్రవరి 1 నాటి 43వ సూపర్ బౌల్. మొదటి సగం చివర్లో అరిజోనా క్వార్టర్‌బ్యాక్ కర్ట్ వార్నర్ గోల్ గీత దగ్గర విసిరిన బంతిని లైన్‌బ్యాకర్ జేమ్స్ హారిసన్ పట్టి, 100 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. జోన్ బ్లిట్జ్‌కు పరాకాష్ఠగా దీన్ని తరచు ఉదాహరిస్తారు. కానీ ఆ ఆటకు వచ్చిన పిలుపు ప్రకారం హారిసన్ మీదికి దూకాలి. వెనక్కి తగ్గడం అతని సొంత నిర్ణయం. అప్పటికి కొన్నేళ్లుగా లెబో దగ్గర నేర్చుకున్నవాడు కాబట్టి బంతి ఏ దారిన వస్తుందో అతను పసిగట్టగలిగాడని అనుకోవచ్చు. ఆ 100 గజాలను వ్యూహం ఖాతాలో కాక, శిక్షణ ఖాతాలో రాయడమే ఆధారాలకు దగ్గరగా ఉంటుంది.