సబ్జా గింజ, అందలూస్ తోట

మన బావర్చీఖానాలో రోజూ వాడే ఆకుల పేర్లు ఒకసారి పైకి పలికి చూడండి. పుదీనా ఫార్సీ మాట. షర్బత్‌లో, ఫాలూదాలో వేసే సబ్జా పేరు కూడా ఫార్సీ 'సబ్జ్' నుంచే వచ్చింది, అంటే పచ్చన. ఈ రెండూ ఇప్పుడు తెలుగువాళ్ళందరి మాటలు. అటు దక్కనీ మాట్లాడే మన ఇళ్ళల్లో 'హరా ధనియా' అనరు, 'కోత్మీర్' అంటారు. కరివేపాకుని 'కర్యాపాక్' అంటారు. అవి ఈ నేల జబాన్ మనకిచ్చినవి. ఏ సుల్తాన్ ఫర్మానూ ఈ లేన్‌దేన్ చేయించలేదు. పెంచేవాళ్ళు, అమ్మేవాళ్ళు, వండేవాళ్ళే చేసుకున్నారు.

తారీఖ్‌లో ఇలాంటి కథే ఇంకోచోట కూడా జరిగింది. అది అందలూస్, అంటే ముస్లింల ఏలుబడిలో ఉన్న నాటి స్పెయిన్. కాకపోతే అక్కడి అంజామ్ వేరు.

11వ శతాబ్దంలో టొలేడోలో ఇబ్న్ బస్సాల్ అనే వ్యవసాయ ఆలిమ్ ఉండేవాడు. నేలని పది రకాలుగా విడదీసి, ఏ నేలకి ఏ ఎరువు, ఏ మొక్కకి ఎంత నీరు అని కితాబ్ రాశాడు. 1085లో ఆ షహర్ ఆరో అల్ఫాన్సో రాజు చేతికి పోయాక సెవిల్ చేరి అక్కడ తోటలు వేశాడు. తర్వాతి శతాబ్దంలో అదే సెవిల్‌లో ఇబ్నుల్ అవ్వామ్ 'కితాబుల్ ఫిలాహా' రాశాడు. అందులో 585 మొక్కల బయాన్ ఉంది. 1348లో అల్మెరియాకి చెందిన ఇబ్న్ లుయూన్ సాగు ఇల్మ్ మొత్తాన్ని నజ్మ్‌గా కట్టాడు. ఇల్లు కాస్త ఎత్తు మీద ఉండాలి, దగ్గర్లో బావో నీటి తొట్టో ఉండాలి, ఆనుకుని తోట ఉండాలి అన్నాడు. వాళ్ళ లెక్కలో బాగ్ అంటే ఇంటికి దూరంగా ఉండే వస్తువు కాదు, ఇంట్లో ఒక భాగం.

గ్రనడాలోని అల్బైసిన్ మొహల్లాలో గోడలు కట్టిన తోట ఉన్న ఇంటిని ఇవాళ్టికీ 'కార్మెన్' అంటారు. అరబీలో ద్రాక్ష తీగకి 'కర్మ్' అని పేరు. ఆ ఇంటి పేరు దాన్నుంచే వచ్చింది.

1492 జనవరి 2న గ్రనడా సల్తనత్ ముగిసింది. కొన్నేళ్ళలోనే ముస్లింలని బలవంతంగా మతం మార్చారు. వాళ్ళకి మోరిస్కోలని పేరు పెట్టారు. 1567లో అరబీ మాట్లాడటం, రాయటం నిషేధించారు. నేల మీద కూర్చుని తినటం, కుస్కుస్ వండుకోవటం కూడా మతవిచారణ అదాలత్‌లో సుబూత్‌గా నిలిచేవి. చివరికి 1609 నుంచి 1614 లోపల సుమారు 3 లక్షల మందిని దేశం నుంచే వెళ్ళగొట్టారు.

జబాన్‌ని నిషేధించినవాళ్ళు వంటింటి మాటల్ని మాత్రం తీసేయలేకపోయారు. స్పెయిన్‌లో సబ్జా మొక్కని ఇప్పటికీ 'అల్బహాకా' అంటారు. అది అరబీ 'అల్ హబఖా'. తోటకి నీళ్ళు తెచ్చే కాలువని 'అసేకియా' అంటారు. అది 'అస్సాఖియా'. మొక్క ఉంది, కాలువ ఉంది, రెండింటి నామ్ కూడా ఉంది. ఆ పేర్లు పెట్టి పిలిచిన ఖాందాన్‌లు లేవు.

దక్కన్‌లో మాటలూ ఉన్నాయి, మనమూ ఉన్నాం. పొరుగువాళ్ళు పుదీనా అంటున్నారు, మనం కోత్మీర్ అంటున్నాం. ఇది చిన్న నేమత్ కాదు. అయితే దీన్ని నిలబెట్టాల్సింది మనమే. సహన్ ఉన్న పాత ఇళ్ళు పోయి అపార్ట్‌మెంట్లు వచ్చాయి. ఆకుకూర ప్లాస్టిక్ కవర్లో వస్తోంది. ఈ రఫ్తార్‌లో బచ్చాలకి మొక్కా తెలియదు, పేరూ తెలియదు.

బాల్కనీలో ఎండ తగిలే మూల చాలు. పుదీనాకి విత్తనం అక్కర్లేదు. బజార్ నుంచి తెచ్చిన కట్టలో ముదురు కాడ ఒకటి తీసి, కింది ఆకులు తుంచి నీళ్ళలో పెడితే కొద్ది రోజుల్లో వేళ్ళు వస్తాయి. ధనియాలు రెండుగా చిట్లేలా నలిపి చల్లండి. చలికాలం మంచిది, ఎండలు ముదిరితే కోత్మీర్ తొందరగా పూతకొస్తుంది. కుండీకి అడుగున చిల్లు ఉండాలి, నీరు నిలవకూడదు. ఎరువు బాగా మాగినదే వేయండి.

ఇంకో కుండీలో నానబెట్టని సబ్జా గింజలు చిటికెడు చల్లి, పైన పల్చగా మట్టి కప్పండి. మొలిచేది అల్బహాకాయే. సూరా అర్రహ్మాన్‌లో మనం వినే 'రైహాన్' అనే మాట అరబీలో ఈ మొక్కకి కూడా పేరు. తెలుగులో రుద్రజడ అంటారు. ఆకు నలిపి ఖుష్బూ చూపిస్తూ ఈ పేర్లన్నీ పిల్లలకి చెప్పండి. గ్రనడా సంగతి కూడా చెప్పండి.