అమెరికా రాజకీయములలో ఉమేదువారీ

కుంఫిణీ దొరతనపు నాళ్లలో మన జిల్లా కచ్చేరీలయందు ఉమేదువారు అను నొక తెగవారు కానవచ్చెడివారు. వారికి జీతము లేదు. గుమాస్తా ప్రక్కన కూర్చుండి దస్త్రములకు నకళ్లు వ్రాయుచు, లెక్కల మర్మము నేర్చుకొనుచు, ఎన్నడో యొక ఖాళీ యేర్పడకపోదా యని కనిపెట్టుకొని యుండెడివారు. పారసీకమున 'ఉమీద్' అనగా ఆశ. ఆ యాశయే వారికి వేతనము. ఇంట తిండికి లోటులేనివారే ఇట్లు ఆశపై బ్రతుకగలిగిరనుట వేరుగ చెప్పనక్కరలేదు. కళింగాంధ్ర తీరమునుండి వచ్చి జంగ్లీఘాట్ రేవున స్థిరపడిన మన మత్స్యకారుల సంప్రదాయము వేరు. వేట వాటాలుగ పంచుకొను ఆ వృత్తిలో, పని నేర్చుకొను కుర్రవానికి పూర్తి వాటా రాకున్నను ఎంతో కొంత దక్కును. ప్రజాస్వామ్యమునకు పెట్టినది పేరైన అమెరికాలో రాజ్యకార్యము నేర్చుకొనువానికి దక్కినది ఉమేదువారి ఆశయా, పడవలోని వాటాయా అనునది విచారింపదగిన విషయము.

అచ్చట తొలుత ఆశ్రయమే అర్హతగ నుండెను. 1829లో సెనేటు సభలో కాగితములు చేరవేయుటకై తొమ్మిదేండ్ల బాలు నొకని నియమించిరి. అతడు ఆ సభ ద్వారరక్షణాధికారికి మనుమడు! ప్రభుత్వోద్యోగములును గెలిచిన పక్షమువారి కానుకలుగ పంచబడుచుండెను. 1881లో పారిసు నగరపు కాన్సలు పదవి నాశించి భంగపడిన గీటో అనువాడు అధ్యక్షుడు గార్ఫీల్డును తుపాకితో కాల్చెను. ఆ దుర్మరణమునకు దేశము ఉలికిపడి, 1883లో పెండిల్టన్ శాసనముచే ఉద్యోగములకు పరీక్షలు నెలకొల్పెను. కాని యొక విశేషము గమనింపవలెను. ఆ పరీక్ష శాసనసభ్యుల సొంత కార్యాలయముల గడప దాటలేదు. అచ్చట ఎవరిని చేర్చుకొనవలెననునది నేటికిని సభ్యుని చిత్తమే.

ఈ లోపమును పూరింపజూచినవారు సభలవారు గారు, నగరపాలన సంస్కర్తలు. న్యూయార్కు పురపాలన పరిశోధన సంస్థ 1911లో ప్రజాసేవకై యొక శిక్షణాలయమును తెరచెను. పురపాలక వ్యయములు, లెక్కలు, పనుల తీరు కార్యాలయములకు పోయి కన్నులార చూచి నేర్చుకొనుట అందలి పద్ధతి. 1924లో ఆ శిక్షణాలయము సిరక్యూస్ విశ్వవిద్యాలయమునకు తరలి మాక్స్‌వెల్ పాఠశాలకు మూలమయ్యెను. 1914లో కాంగ్రెసు గ్రంథాలయమున శాసన పరిశోధన శాఖయు, 1916లో బ్రూకింగ్స్ సంస్థకు పూర్వరూపమును వెలసెను. విధాన రచన నేర్వగోరువారికి నేటికిని ఇట్టి పరిశోధనాలయములు, సభ్యుల కార్యాలయములు, స్థాయీసంఘములు, రాష్ట్ర శాసనసభలు, ఎన్నికల ప్రచార శిబిరములు ప్రవేశస్థానములు. కాలిఫోర్నియా శాసనసభలో ఇట్టి యేర్పాటు 1957లోనే మొదలైనది.

ఆ వాతావరణపు మహిమను తెలుపుటకు లిండన్ జాన్సన్ కథ చాలును. బడిపంతులుగ నున్న ఆయన 1931లో ఒక కాంగ్రెసు సభ్యునకు కార్యదర్శిగ వాషింగ్టను చేరెను. తనవంటి కార్యదర్శులు బసచేసిన హోటలులో అందఱిని పరిచయము చేసికొనుటకై ఉమ్మడి స్నానశాలకు మాటిమాటికి పోయి పండ్లు తోముకొనుచుండెనని చెప్పుకొందురు. పండ్లకేమైనను మేలు కలిగెనో లేదో కాని, 1937లో ఆయనయే సభ్యుడై, 1963లో అధ్యక్షుడయ్యెను. ఆయనకు జీతముండెను. ఆయన వెనుక వచ్చిన విద్యార్థి శిక్షార్థులలో ననేకులకు లేదు.

అసలు చిక్కు ఇచ్చటనే యున్నది. వాషింగ్టనులో ఇంటి అద్దె బరువు. వేతనము లేక కొన్ని మాసములు అచ్చట నిలువగలవాడు కలవారి బిడ్డయే. వాని కార్యానుభవము రేపు ఉద్యోగమగును. ఉద్యోగము ఎల్లుండి అధికారమగును. ఇట్లు జీతము లేకపోవుటయే కనబడని వడపోత యయ్యెను. సెనేటు బాలసేవకులలో నల్లజాతివాడు మొదటిసారి 1965లోను, బాలికలు 1971లోను ప్రవేశించిరన్నచో వడపోతలు ఎన్ని విధములో తెలియును. చిరకాలము అలజడి జరిగిన పిమ్మట 2018లో శిక్షార్థుల వేతనములకై ప్రతినిధులసభకు 88 లక్షల డాలర్లు, సెనేటుకు 50 లక్షల డాలర్లు ప్రత్యేకించిరి. శ్వేతభవనము 2022 శరత్కాలమునగాని వేతనమీయ మొదలిడలేదు.

అమెరికాకు వలసపోయిన తెలుగునాటివారు వేఱొక త్రోవ త్రొక్కిరి. నెల్లూరున జన్మించిన ఉపేంద్ర చివుకుల ఫ్రాంక్లిన్ పట్టణ పాలకసభలో పాఠము నేర్చి, 2002లో న్యూజెర్సీ శాసనసభ కెక్కెను. హైదరాబాదున జన్మించిన అరుణా మిల్లర్ మేరీలాండులోని మాంట్‌గొమరీ కౌంటీలో రాకపోకల ఇంజనీరుగ పనిచేసి, ఆపై శాసనసభ్యురాలై, 2023లో ఆ రాష్ట్రపు లెఫ్టినెంటు గవర్నరయ్యెను. బాటలు, కూడళ్లు చక్కదిద్దుచు నేర్చిన రాజ్యతంత్రము రాజధానిలో నేర్చినదానికి తీసిపోలేదు. పైగా అది జీతముతో కూడిన శిక్షణ!

కేంద్రప్రభుత్వోద్యోగులకు ఈ చరిత్రతో దగ్గరి చుట్టరికము కలదు. మాక్స్‌వెల్ పాఠశాలకు డీనుగ నుండిన పాల్ ఆపిల్‌బీ మన పాలనావిధానమును పరిశీలించి 1953లో నివేదిక నొసగెను. దాని ఫలితముగ 1954లో ఢిల్లీయందు భారత ప్రజాపాలన సంస్థయు, కేంద్ర కార్యాలయములకు చిరపరిచితమైన ఓ అండ్ ఎమ్ విభాగమును ఏర్పడెను. అనగా న్యూయార్కులో పురపాలక లెక్కలు తిరుగవేయుచు మొదలైన విద్య మన దస్త్రముల వఱకు వచ్చినది.

శ్వేతభవనమున శిక్షార్థిగ చేరుటకు అమెరికా పౌరసత్వము వలయును గనుక ఆ ద్వారము మన యువతకు మూయబడియే యున్నది. స్వదేశమున పి.ఆర్.ఎస్. శాసన పరిశోధన సంస్థ 2010లో ఆరంభించిన యేర్పాటు ననుసరించి, పట్టభద్రులైన యువజనులు పార్లమెంటు సభ్యునకు సహాయకులుగ ఏడాదికి కొంచెము తక్కువ కాలము పనిచేయుదురు. నెలనెలా భృతి కలదు. అండమాను నికోబారు ద్వీపములకు లోకసభలో నున్నది ఒకేయొక స్థానము. 1967 వఱకు అదియును ఎన్నికచే గాక నియామకముచే నిండుచుండెడిది. కాని సహాయకుడు తన ప్రాంతపు సభ్యుని యొద్దనే చేరవలెనను నియమము లేదు.