ఎడింబరో గోల్ఫు సంఘముల పుస్తకములు – వానియందలి సాంఘికచరిత్ర

దానశాసనమును వ్రాయించినవాని ఉద్దేశము దానమును స్థిరపరచుట. దాత వంశము, ప్రతిగ్రహీత గోత్రము, దత్తభూమి పరిమాణము అందు ముఖ్యములు. అయినను ఆ భూమికి ఎల్లలు చెప్పవలసి వచ్చినపుడు చెరువును, పుట్టయు, చింతచెట్టును, డొంకయు, పొరుగువాని చేనును శాసనములోనికి వచ్చి చేరును. వ్రాయించినవానికి అవి గురుతులు మాత్రమే; చరిత్రకారునకు అవియే ఊరు. తెలుగుదేశపు సాంఘికచరిత్రలో మనము నేడెరిగిన దానిలో గొప్పభాగము ఇట్లు ఎల్లలనుండి ఏరుకొన్నదే.

ఈ పద్ధతి శాసనములకు మాత్రమే పరిమితము కానక్కరలేదు. తమవారికొరకు తామే వ్రాసికొను ఏ లేఖ్యమునకైనను ఇది వర్తించును. అట్టి లేఖ్యములలో గోల్ఫు సంఘముల మినిట్సు పుస్తకములు ఒక విశిష్టమైన తెగ. ఎవరు గెలిచిరి, ఎవరు పందెమోడిరి, ఎవరికి జరిమానా పడినది, విందెప్పుడు జరిగినది — ఇవియే వానిలోని వార్తలు. వీనినుండి సాంఘికచరిత్రకు లభించునది ఏమని పెక్కురు సందేహింపవచ్చును. ఎల్లలను చదువ నేర్చినచో లభించునది స్వల్పము కాదని స్కాట్లండునందలి రెండు సంఘముల నాధారముగా గొని చూపుట ఈ వ్యాసోద్దేశము. అందొకటి ఎడింబరో నగరపు రేవైన లీత్ నందు వెలసినది; రెండవది దానికి తూర్పున కొలది మైళ్ల దూరముననున్న మసెల్బరో నందలిది.

గోల్ఫు ఆట స్కాట్లండున మిక్కిలి ప్రాచీనము. 1457లో రెండవ జేమ్సు రాజుకాలమున అచటి పార్లమెంటు ఫుట్‌బాలును, గోల్ఫును నిషేధించెను. ప్రజలు ఈ ఆటలలో మునిగి విలువిద్యాభ్యాసమును విడనాడుచున్నారనుట అందులకు కారణము. నిషేధము ఒకమారుతో తీరలేదు. 1471లోను, 1491లోను మరల చేయవలసి వచ్చెను. మరల మరల నిషేధింపబడిన ఆట మరల మరల ఆడబడినదని వేరుగ చెప్పనక్కరలేదు. ఇచట గమనింపవలసినది మరియొకటి కలదు. విలువిద్య సామాన్యప్రజల యుద్ధవిద్య. దానికి భంగము కలుగుచున్నదన్నచో ఆడువారిలో సామాన్యులును ఉండిరనియే అర్థము. ఈ ఆట పుట్టుకతోనే ఘనులసొత్తు కాదు. సముద్రతీరమున ఇసుకనేలపై మొలచిన పచ్చికబయళ్లు దానికి రంగస్థలములు. ఆ బయళ్లు ఉమ్మడి నేలలు.

ఆటకు సంఘము ఏర్పడినది 18వ శతాబ్దిలో. ఆటయందు నేర్పుగల పెద్దమనుష్యులు కొందరు కోరగా 1744లో ఎడింబరో నగరసభవారు ఒక వెండి గోల్ఫుకర్రను బహుమానముగా ఏర్పరచిరి. గెలిచినవాడు ఆ సంవత్సరమునకు కెప్టెను. వివాదములు పుట్టినపుడు తీర్పరి అతడే. తన గెలుపునకు గురుతుగా అతడు ఆ కర్రకు ఒక తునుకను వెండితోనో బంగారుతోనో చేయించి కట్టవలెను. పోటీవార్తను నగరమునకు తెలుపు విధము మనకు కొత్తకాదు: వీథులవెంట తప్పెట మ్రోగించి చాటెడివారు. వెండికర్రను ఊరేగించు దృశ్యమును డేవిడ్ అలన్ అను చిత్రకారుడు 1787లో చిత్రించెను. ఊరివారందరు వినవలెనని చాటింపు వేసిరి. ఆడుటకు మాత్రము కులీనులను, పెద్దమనుష్యులను పిలిచిరి. సంఘజీవనములోని వైరుధ్యము తొలినాడే ఇట్లు వ్యక్తమైనది.

ఆ తొలిపోటీకొరకు వ్రాసికొన్న 13 నియమములు గోల్ఫుకు సంబంధించి మనకు దొరకుచున్న లిఖితనియమములలో ప్రాచీనతమములు. క్రీడాచరిత్రకారులు వీనిని నేటి నియమములకు మూలములుగా పరిశీలింతురు. మనము ఎల్లలు వెదకుదము. పదియవ నియమము ప్రకారము ఎగిరిన బంతిని మనిషిగాని, గుఱ్ఱముగాని, కుక్కగాని, మరియేదిగాని అడ్డగించినచో అది నిలిచినచోటనుండియే ఆడవలెను. కడపటి నియమమున పచ్చికబయలి రక్షణకై త్రవ్విన కాలువల ప్రసక్తితోపాటు విద్యార్థుల గుంటలు, సైనికుల వరుసలు అను రెండు పేర్లు వచ్చుచున్నవి. బంతి వానిలో పడినచో తీసి ఆడవచ్చునని దాని తాత్పర్యము.

ఈ రెండు నియమములు ఆటను గూర్చి చెప్పినదానికంటె నేలను గూర్చి చెప్పినది మిన్న. ఐదు గుంటల ఆ బయలుపై వెండికర్రకు పోటీపడు పెద్దమనుష్యులు ఒంటరిగా లేరు. విద్యార్థులకు అచట వారి గుంటలు కలవు. సైనికులకు వారి తావు కలదు. బాటసారులును, గుఱ్ఱములును, కుక్కలును ఆటనడుమ నడచుచుండెను. వీరినెవ్వరిని సంఘము సభ్యులుగా చేర్చుకొనలేదు. కాని నియమములు వ్రాయునపుడు వీరిని మరచుటకు వీలుకాలేదు. శాసనములోని చింతచెట్టు ఇట్టిదే.

సంఘపు వార్త ఎంత చెప్పునో ఎంత దాచునో తెలియుటకు తొలివిజేత వృత్తాంతము చాలును. 1744లో గెలిచి కెప్టెనై ఆ 13 నియమములపై చేవ్రాలు చేసినవాడు జాన్ రాట్రే అను శస్త్రవైద్యుడు. కెప్టెనుల పట్టికలో అతని పేరు 1744, 1745, 1751 సంవత్సరములకు ఎదుట కనబడును. ఆ పట్టికను మాత్రమే చూచినవానికి రాట్రే ఒక నేర్పరియైన ఆటగాడు. అంతకుమించి ఏమియు తెలియదు. రెండవ గెలుపునకును మూడవ గెలుపునకును నడుమ ఒక యుద్ధము కలదు. స్టూఅర్టు వంశపు రాకుమారుడు చార్లెస్ ఎడ్వర్డు 1745లో తిరుగుబాటు లేవదీసినపుడు రాట్రే అతని సేనలో వైద్యుడుగా చేరెను. 1746 ఏప్రిల్ 16న కలోడెన్ వద్ద ఆ సేన నాశనమయ్యెను. రాట్రే బందీయయ్యెను. ఉరికంబము తప్పదనుకొన్నవేళ అతని ప్రాణమును కాపాడినవాడు డంకన్ ఫోర్బ్స్, స్కాట్లండు ఉన్నతన్యాయస్థానపు అధ్యక్షుడు, తిరుగుబాటుదారులకు బద్ధవిరోధి. ఇతడును లీత్ పచ్చికపై రాట్రేతో కలిసి గోల్ఫు ఆడినవాడే. ఒక రాజ్యమున ఇరుపక్షములవారు ఒక ఆటలో ఒక పక్షముగా నుండుట ఎట్టి ఫలమునిచ్చునో ఇందు కాననగును. సంఘసభ్యత్వమునకు ఆ కాలమున గల విలువ ఇది. సభ్యుడు కానివానికి అట్టి ఆపన్నమిత్రుడు లభించుట దుర్ఘటమనియు దీనివలననే గ్రహింపవలెను.

సభ్యుల సాంఘికజీవనము ఆటతో ముగియదు. తొలిదినములలో లీత్ నందలి లకీ క్లెఫన్ అను నామె భోజనశాలలో వారి విందులు జరుగుచుండెను. 1768లో సభ్యుడైన రోస్లిన్ విలియం సెయింట్ క్లెయిర్ చేత శంకుస్థాపన చేయించి సొంతగృహమును కట్టుకొనిరి. ఆడునపుడు ధరింపవలసిన దుస్తులను నిర్ణయించిరి. 1776లో ఒక యువసైనికాధికారి ఐదుమార్లు ఆ దుస్తులు లేకయే ఆడినట్లు రుజువుకాగా అతడు తన నేరపు ఘోరతను తానే ఒప్పుకొనినందున ఆరు పైంట్ల పానీయముతో విడిచిపెట్టినట్లు మినిట్సు పుస్తకము చెప్పుచున్నది. ఇది న్యాయస్థానపు భాషను అనుకరించు పరిహాసము. సభ్యులలో న్యాయవాదులు పలువురుండిరి; తమ వృత్తిభాషతో తామే నవ్వుకొనిరి. ఈ చతురోక్తి పుస్తకమునకు అందము తెచ్చినది. కాని నవ్వుటకు వలసిన తీరిక ఎవరికి కలదో అదియు దీనివలన తెలియుచున్నది.

ఆ తీరికకు వెనుక ఇతరుల పని కలదు. ఆ కాలపు బంతి తోలుసంచిలో ఉడికించిన ఈకలు కూరి కుట్టినది. టోపీనిండ పట్టు ఈకలు ఒక బంతిలో ఇముడవలెను. పనివాడు దినమెల్ల శ్రమించినను మూడునాలుగు బంతులకు మించి చేయజాలడు. ఈకల ధూళి వాని ఊపిరితిత్తులను చెరచును. అట్టి బంతి తడిసిన పాడగును, ఇనుపకర్ర దెబ్బకు చీలును. 1848 ప్రాంతమున మలయాదేశపు చెట్టుపాలతో చేయు గటపర్చా బంతి వచ్చి వెల తగ్గించువరకు క్రమమైన ఆట ధనికులకే చెల్లెను. కర్రలు మోయు కాడీలును ఇట్టివారే. ఆటలోని మెలకువలు సభ్యులకంటె వారికే ఎక్కువ తెలియును. 1860లో ప్రెస్ట్విక్ నందు జరిగిన మొదటి ఓపెన్ పోటీలో గెలిచిన మసెల్బరో విల్లీ పార్కు మొదట కర్రలు మోసినవాడే. అయినను సంఘగృహములోపలి విందు కాడీది కాదు.

ఇక మసెల్బరో సంఘమునకు వత్తము. 1810 డిసెంబరు 14 నాటి ఒక తీర్మానము దాని పుస్తకమున కలదు. రానున్న జనవరిలో, పాత పంచాంగము ప్రకారము ఒకటవ తేదీన, కొత్తలెక్కకు పన్నెండవ తేదీన, చేపలమ్ము స్త్రీలు ఏటేట ఆడు గోల్ఫులో శ్రేష్ఠురాలికి సభ్యులు చందావేసి ఒక మంచి చేపలబుట్టయు శాలువయు ఇయ్యవలెననియు, వానితోపాటు బార్సిలోనా పట్టు రుమాళ్లు ఇయ్యవలెననియు, ఈ సంగతిని సంఘపు సేవకుడు ఆ స్త్రీలకు తెలుపవలెననియు అందు నిర్ణయించిరి.

గోల్ఫుచరిత్రలలో ఇది స్త్రీలకేర్పడిన తొలిపోటీ అని పేర్కొనబడును. ఈ మాట సరిచూడదగినది. తీర్మానము చెప్పునది ఏటేట ఆడు ఆటను గూర్చి. అనగా బహుమానము కొత్తది. ఆట కొత్తది కాదు. దీనికి వేరొక సాక్ష్యము కలదు. ఆ గ్రామములకు మతాచార్యుడైన అలెగ్జాండర్ కార్లైల్ 1795లో అచ్చయిన స్కాట్లండు స్థితివివరణ గ్రంథమున ఫిషర్రో చేపలమ్ము స్త్రీలను వర్ణించెను. వారు పురుషుల పని చేయుదురనియు, వారి నడవడియు పురుషులదివలె నుండుననియు, సెలవుదినములలో గోల్ఫు ఆడుదురనియు అతడు వ్రాసెను. వేళకాని వేళ చేపలు వచ్చినపుడు ఎడింబరోకు ఐదుమైళ్లు బుట్టను నూరుగజములకొకమారు చేతులు మార్చుకొనుచు ముక్కాలుగంటలో చేరుదురనియు చెప్పెను. తీర్మానమునకు 15 ఏండ్లు ముందటి మాట ఇది. ఆ స్త్రీల ఆటను సంఘము పుట్టింపలేదు. ఉన్న ఆటను చూచి ఒకదినము గుర్తించినది.

ఈ గుర్తింపును ఎంతమాత్రము ఎంచవలెను? ఔదార్యమని కొందరందురు. బహుమానములను చూడుడు. పెద్దమనుష్యులకు వెండికర్ర, అది ఆటకు చిహ్నము, పనికి రాదు. చేపలమ్ము స్త్రీకి బుట్ట, అది పనిముట్టు. గెలిచినవాడు కెప్టెనై తీర్పరియగును. గెలిచినయామె మరునాడు కొత్తబుట్టతో పాతదారిన నడచును. తీర్మానములో బహుమానముల వివరమున్నది. స్త్రీపేరు ఒక్కటియు లేదు. అట్లని దీనిని వట్టి వినోదమని త్రోసివేయుటయు న్యాయము కాదు. శ్రేష్ఠురాలికి అను మాట వ్రాసినపుడే వారిలో తరతమభేదములు గల నేర్పు కలదని ఆ సభ్యులు ఒప్పుకొనిరి. దయచూపుటకు నేర్పును కొలువనక్కరలేదు.

1830ల తొలిభాగమున లీత్ సంఘము ఆర్థికపు చిక్కులలో పడి గృహము నమ్ముకొని, 1836లో ఈ మసెల్బరో బయలుకే తరలివచ్చెను. వెండికర్ర వారసులు చేపలమ్ము స్త్రీలాడిన నేలపై 1891 వరకు ఆడి, పిమ్మట మ్యూర్‌ఫీల్డునందు సొంతనేల నేర్పరచుకొనిరి. ఉమ్మడినేల విడిచినపుడు బాటసారియు, కుక్కయు, చేపలబుట్టయు కూడ దూరమయ్యెను. సెయింట్ ఆండ్రూస్ నందు 1867లో స్త్రీలు తమకు తామే వేరొక సంఘమును పెట్టుకొనిరి. అచటి పురుషసంఘము 2014లో స్త్రీలను సభ్యులుగా చేర్చుకొన నిశ్చయించెను. మ్యూర్‌ఫీల్డువారు 2016లో ఓటు తీసికొనగా నూటికి 64 మంది అనుకూలించిరి. నియమము మూడింట రెండుపాళ్లు కోరుటచే తీర్మానము వీగిపోయెను. 2017లో మరల ఓటు తీసికొనగా నూటికి 80 మంది అనుకూలించిరి. 2019లో తొలిసారి స్త్రీలు సభ్యులైరి. 2022 ఆగస్టులో స్త్రీల ఓపెన్ పోటీ మొదటిసారిగా మ్యూర్‌ఫీల్డున జరిగెను. దక్షిణాఫ్రికాకు చెందిన ఆష్లీ బుహాయ్ గెలిచెను. ఈమారు గెలిచినయామె పేరు పట్టికకెక్కినది.

1810 నాటి తీర్మానమునకును 2022 నాటి పట్టికకును నడుమ రెండువందల ఏండ్లకు పైబడిన కాలము కలదు. నేర్పు లేక అంతకాలము పట్టలేదు. నేర్పు తొలినాడే పుస్తకములోనికి ఎక్కినది. పట్టినది పేరు వ్రాయుటకు. సంఘముల లేఖ్యములను పరిశోధించువారు సభ్యుల జాబితాతో తృప్తిపడక, నియమములలోను, జరిమానాలలోను, బహుమానములలోను ఎల్లలుగా నిలిచినవారిని వెదకవలెనని మనవి. మన పట్టణములందలి పఠనమందిరములకును, నాటకసమాజములకును, వృత్తిసంఘములకును మినిట్సు పుస్తకములు కలవు. చెదలు తినకమునుపు వానినిట్లు చదువుట మన కర్తవ్యము.