సిసిలీ కొండదారిలో ఒంటరి బాటసారి



అపొస్తలుల కార్యముల గ్రంథము చివరి రెండు అధ్యాయములను మీరు అనేక పర్యాయములు చదివియుందురు. ఖైదీగా రోమాకు పోవుచున్న పౌలు ఎక్కిన ఓడ తుపానులో చిక్కి, మెలితే ద్వీపమునొద్ద బద్దలైపోయెను. మూడు నెలలైన పిమ్మట ఆయన మరియొక ఓడ ఎక్కి, సురకూసైలో మూడు దినములుండి, రేగియు, పొతియొలీ పట్టణముల మీదుగా రోమా చేరెను. ఈ సురకూసై ఇటలీ దేశమునకు చెందిన సిసిలీ ద్వీపములోని రేవు పట్టణము. పౌలు ఆ దారిని వెళ్లిన సుమారు 1,770 సంవత్సరములకు, అనగా 1833లో, ఇంగ్లండు దేశపు బోధకుడొకడు తన స్నేహితులను విడిచి, ఆ పట్టణమును, ఆ ద్వీపమును చూడవలెనని వచ్చెను. ఆయన పేరు జాన్ హెన్రీ న్యూమన్. అక్కడ ఆయనకు కలిగిన ఆపదను గూర్చియు, దానినుండి పుట్టిన కీర్తనను గూర్చియు ఈ నెల మీతో చెప్పగోరుచున్నాము.

న్యూమన్ 1801 ఫిబ్రవరి 21న లండనులో జన్మించెను. ఇరువది యొకటవ యేట ఆక్స్‌ఫర్డులోని ఓరియల్ కళాశాలలో సభ్యుడాయెను. 1828లో ఆ పట్టణపు పరిశుద్ధ మరియ దేవాలయమునకు కాపరియాయెను. ఆయన ప్రసంగములు వినుటకు విద్యార్థులు గుంపులుగా వచ్చుచుండిరి. ఆయనకు హరెల్ ఫ్రూడ్ అను ప్రియ స్నేహితుడుండెను. ఫ్రూడుకు క్షయవ్యాధి సోకినందున, చలి తక్కువగానుండు దక్షిణ సముద్ర తీరములకు వెళ్లుట మంచిదని యింటివారు తలంచిరి. 1832 డిసెంబరులో ఫ్రూడు, అతని తండ్రి, న్యూమన్ ముగ్గురును ఫాల్మత్ రేవులో ఓడ ఎక్కిరి. జిబ్రాల్టరు, మాల్టా, గ్రీసు దేశపు ద్వీపములు, సిసిలీ, నేపుల్సు చూచుకొని మార్చి నెల ఆరంభములో రోమా చేరిరి. మాల్టా యనగా పౌలు ఓడ పగిలిన మెలితేయే.

ఏప్రిల్ నెలలో ఫ్రూడులు ఫ్రాన్సు మీదుగా ఇంటికి బయలుదేరిరి. న్యూమన్‌ను కూడ రమ్మనిరి. ఆయన వినలేదు. మొదటిసారి చూచినప్పుడే సిసిలీ కొండలును, పురాతన ఆలయ శిథిలములును ఆయన మనస్సును పట్టుకొనెను. వాటిని మరల చూచితీరవలెనని ఒక్కడే వెనుకకు తిరిగెను. నేపుల్సులో జెన్నారో అను పనివానిని కుదుర్చుకొని, ఓడలో మెస్సీనాకు దాటి, కంచరగాడిదలమీద ప్రయాణము సాగించెను. ఎట్నా అగ్నిపర్వతపు ప్రక్కగా కటానియాకును, అక్కడనుండి సురకూసైకిని వెళ్లి తిరిగివచ్చెను. అప్పటికే ఒంట్లో నలత ఆరంభమైనది. అయినను ద్వీపమును అడ్డముగా దాటి పలెర్మో చేరవలెనని లోపలి కొండదారి పట్టెను.

మే నెల మొదటి దినములలో లియోన్‌ఫోర్తె అను ఊరిలో ఆయన పడిపోయెను. ఆ సంవత్సరము ఆ ప్రాంతమంతట జ్వరము వ్యాపించి, అనేకులు చనిపోవుచుండిరి. ఎరిగినవాడు ఒక్కడును లేడు. భాష సరిగా రాదు. మూడు దినములు అక్కడి సత్రములో పడియుండెను. తాను మరణించినయెడల ఇంగ్లండులోని స్నేహితులకు ఎట్లు తెలియజేయవలెనో జెన్నారోకు చెప్పి ఉంచెను. అయినను తాను చావననియు, తనకు కలిగిన వెలుగునకు విరోధముగా తాను పాపము చేయలేదనియు ఆ జ్వరములోనే అతనితో పలికెను. ఆ మాటకు అర్థమేమో తనకే పూర్తిగా తెలియలేదని తరువాతి కాలమున ఆయన ఒప్పుకొనెను.

కొంచెము నెమ్మదించినట్లు తోచగానే లేచి మరల దారిబట్టెను. కొన్ని మైళ్లు పోవుసరికి శక్తి చాలక, బాటప్రక్కనున్న ఒక గుడిసెలో పడుకొనెను. సమయమునకు ఒక వైద్యుడు అక్కడ దొరికెను. ఆయన సహాయముచే న్యూమన్‌ను కాస్ట్రో జోవన్ని అను కొండమీది పట్టణమునకు చేర్చిరి. నేడు ఆ పట్టణమును ఎన్నా అందురు. సముద్రమునకు సుమారు 3,000 అడుగుల ఎత్తున నున్న ఊరది. అక్కడ ఒక యింట ఆయన మూడు వారములవరకు మంచము పట్టెను. ఆ కాలపు వైద్యమును బట్టి రక్తము తీసిరి. జ్వరము తీవ్రమై, బ్రదుకునని చుట్టునున్నవారికి నమ్మకము లేని దినములు గడచెను. ఆ తరువాత జ్వరము దిగెను. మే 25న, ఇంకను బలహీనుడై, ఆ ఊరు విడిచెను.

చదువరులారా, ఆ మంచముమీద ఆయన మనస్సులో ఏమి జరిగినదో ఆయనయే తరువాత వ్రాసి ఉంచెను. ఇంటినుండి బయలుదేరకముందు, 1832 డిసెంబరు 2న, ఆయన ఆక్స్‌ఫర్డులో చేసిన ప్రసంగము సౌలు రాజు చేసిన పాపమును గూర్చినది. అమాలేకీయుల విషయములో సౌలు దేవుని మాటకు తన ఇష్టమును కలిపినందున రాజ్యము పోగొట్టుకొనెనని సమూయేలు మొదటి గ్రంథము 15వ అధ్యాయములో ఉన్నది. స్వచిత్తమను పాపమును గూర్చి ఇతరులకు బోధించి వచ్చిన తాను, స్నేహితులు వద్దన్నను స్వచిత్తమువలననే సిసిలీకి వచ్చితినని ఆయనకు మంచముమీద స్ఫురించెను. దేవుడు తనతో పోరాడుచున్నాడని తోచెను. కళాశాలలో పైయధికారితో కలిగిన తగవును మనస్సులో పెట్టుకొనియే ప్రభువు బల్లలో పాలుపొందితినని కూడ జ్ఞాపకమునకు వచ్చి, ఆయనను నొప్పించెను.

ఇక్కడ మనము జాగ్రత్తగా ఆలోచింపవలసినది యొకటి గలదు. మన సంఘములలో ఎవరికైన జబ్బు చేసినప్పుడు, లేక దారిలో ప్రమాదము కలిగినప్పుడు, ఏమి పాపము చేసెనో గదా అని గుసగుసలాడు అలవాటు పోలేదు. ప్రార్థన చేయుటకు వచ్చినవారే మంచముప్రక్క కూర్చుండి తీర్పు చెప్పిపోవుదురు. యోబు స్నేహితులు చేసినది ఇదే. చివరకు దేవుడు వారినే గద్దించెను. పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులు ఇట్టి ప్రశ్నయే అడుగగా, వాడైనను వాని కన్నవారైనను పాపము చేసినందున కాదని ప్రభువు చెప్పెను. న్యూమన్ తన మనస్సును తాను పరీక్షించుకొనెను గాని, ఆ జ్వరముతో చచ్చిన సిసిలీ ప్రజలను గూర్చి అట్లు పలుకలేదు. అదే దినములలో, చేసిన తప్పును ఒప్పుకొనుచునే, దేవుడు తన్ను విడువడను నిరీక్షణను కూడ విడువలేదు. దుఃఖపడు హృదయమును, నమ్ముకొను హృదయమును ఒక్క మనుష్యునిలోనే ఉండవచ్చును. రోగి తన్నుతాను పరీక్షించుకొనుట దేవునికిని అతనికిని మధ్యనున్న సంగతి. మంచముప్రక్కనున్నవారికి అప్పగింపబడిన పని నీళ్లిచ్చుటయు, ప్రార్థించుటయు మాత్రమే.

ఆ పని న్యూమన్‌కు చేసినవారెవరు? ఆయన అప్పటికి ఇంగ్లండు ప్రొటెస్టంటు సంఘపు గురువు. రోమా సంఘమును గూర్చి కఠినముగా వ్రాసియున్నవాడు. ఆయనను గుడిసెనుండి తీసికొనిపోయినవారును, ఇంటిలో ఉంచుకొన్నవారును, వైద్యము చేసినవారును రోమను కతోలికులే. జెన్నారో పసిబిడ్డను చూచునట్లు ఆయనను చూచెను. మానవరీతిగా చెప్పినయెడల తన ప్రాణమును కాపాడినవాడు అతడేయని న్యూమన్ వ్రాసెను. సమరయుని ఉపమానములో గాయపడినవాడు తనకు సహాయము చేయువాని జాతిని ఎంచుకొనలేదు. మన పల్లెలలోను, కష్టకాలమున మన గుమ్మము తొక్కువాడు ఏ మతస్థుడైనను, ఏ పేటవాడైనను, ప్రభువు పంపినవాడేయని గ్రహింతముగాక.

ఒక చిన్న సంగతి కూడ దాచక చెప్పుదము. విడిపోవునప్పుడు జెన్నారో తన యజమానుని పాత నీలపు అంగీమీద మనసు పడెను. జ్వరపు దినములలో కప్పుకొన్న అంగీ యగుటచే న్యూమన్ దానిని ఇయ్యలేకపోయెను. అతడు చేసిన సేవకు అది ఎంత స్వల్పమో ఎరిగియు ఇయ్యలేదని తానే వ్రాసి, సంవత్సరములు గడచిన తరువాత కూడ చలి రాత్రులలో దానిని తన మంచముమీద కప్పుకొనుచుండెను. దైవజనుల చరిత్రలలో ఇట్టివి కనబడుట మనకు మేలే. ప్రాణము దక్కించుకొన్నవానికి కూడ పాత బట్టను విడుచుట కష్టమగునని అవి మనలను హెచ్చరించును.

కాస్ట్రో జోవన్ని విడిచిన తరువాత దారిలో ఒక సత్రములో, ఉదయమున బయలుదేరుటకు ముందు, న్యూమన్ మంచముమీద కూర్చుండి వెక్కి వెక్కి ఏడ్చెను. ఏమి బాధ యని జెన్నారో అడుగగా, ఇంగ్లండులో తాను చేయవలసిన పని యొకటి యున్నదని మాత్రమే చెప్పగలిగెను. పలెర్మో చేరినను వెంటనే ఓడ దొరకలేదు. ఇంటికి పోవలెనని ప్రాణము కొట్టుకొనుచుండగా మూడు వారములవరకు అక్కడనే నిలిచిపోయెను. అక్కడి దేవాలయములలోనికి వెళ్లి నెమ్మదిగా కూర్చుండుట ఆయన ఆతురతను కొంత చల్లార్చెను. తుదకు జూన్ 13న, నారింజపండ్లు ఎక్కించుకొని మార్సేల్సుకు పోవు తెరచాప ఓడ యొకటి దొరికెను.

ఆ ఓడయు త్వరగా పోలేదు. కార్సికా, సార్డీనియా ద్వీపముల నడుమ బోనిఫాచియో అను ఇరుకైన జలసంధి యున్నది. అక్కడ గాలి పూర్తిగా పడిపోయి, తెరచాపలు వ్రేలాడగా, ఓడ ఒక వారము కదలక నిలిచెను. 1833 జూన్ 16న, ఇటలీ సముద్రములో అట్లు చిక్కియుండగా, న్యూమన్ మూడు చరణముల ప్రార్థనాగీతమును వ్రాసెను. ఆయన దానికి పెట్టిన పేరు "మేఘస్తంభము." ఇశ్రాయేలీయులకు అరణ్యములో పగటివేళ మేఘస్తంభమును, రాత్రివేళ అగ్నిస్తంభమును దారి చూపిన సంగతి నిర్గమకాండము 13వ అధ్యాయములో కలదు. ఆ గీతము 1834లో ఒక పత్రికలో మొదట ప్రకటింపబడెను. 1865లో జాన్ డైక్సు అను గురువు దానికి కూర్చిన రాగముతో అది లోకమంతట వ్యాపించెను. "లీడ్, కైండ్లీ లైట్" అని జనులు దానిని పిలుతురు. దాని సారమిది: ఇంటికి దూరముగా చీకటిలో నున్నవాడు, దూరపు దారి చూపుమని అడుగక, తరువాతి అడుగునకు చాలినంత వెలుగునే దేవుని అడుగును. పూర్వము తన దారిని తానే ఎంచుకొన గోరితినని గర్వమును ఒప్పుకొనును.

ఆయన మార్సేల్సులో దిగి, లియాన్ పట్టణములో మరల కొన్ని దినములు మంచమెక్కి, జూలై 9న తల్లి యిల్లు చేరెను. జూలై 14న జాన్ కీబుల్ అను గురువు ఆక్స్‌ఫర్డులో ఒక ప్రసంగము చేసెను. ఐర్లాండులోని 10 బిషప్పు పీఠములను తీసివేయుటకు ఆ యేడు ప్రభుత్వము పూనుకొనగా, సంఘము ప్రభుత్వపు చేతిలోని వస్తువు కాదని ఆయన ఘోషించెను. ఆక్స్‌ఫర్డు ఉద్యమమునకు ఆ దినమే ఆరంభమని న్యూమన్ ఎంచెను. ఏడ్చుచు చెప్పిన పని ఆయనకు దొరికెను. ఆ దారి ఆయనను ఎచ్చటికి తీసికొనిపోవునో ఓడలో ఆయనకు తెలియదు. 1845లో ఆయన ప్రొటెస్టంటు సంఘమును విడిచి రోమను కతోలిక సంఘములో చేరెను. 1879లో కార్డినలాయెను. 1890లో మరణించెను. 2019లో ఆ సంఘము ఆయనను పునీతుడని ప్రకటించెను. ఆ మార్పు మనలో అనేకులకు సమ్మతము కాకపోవచ్చును. అయినను కీర్తన ఒక్క సంఘమునకు కట్టుబడియుండలేదు.

1909 ఫిబ్రవరి 16న ఇంగ్లండులోని వెస్ట్ స్టాన్లీ బొగ్గుగనిలో ప్రేలుడు కలిగి 168 మంది మరణించిరి. లోపల చిక్కిన కొందరు కార్మికులు చీకటిలో ఈ కీర్తన పాడుకొనుచు సహాయముకొరకు కనిపెట్టిరి. వారిలో అనేకులు సజీవులుగా పైకి వచ్చిరి. సింగరేణి గనులలో పనిచేసిన మన సహోదరులకు భూమిక్రింది చీకటి ఎట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు. మన దేశమున మహాత్మా గాంధీగారికి కూడ ఇది మిక్కిలి ప్రియమైన కీర్తన. నరసింహరావు దివేటియా అను కవి దీనిని గుజరాతీ భాషలోనికి తెచ్చెను.

ప్రియులారా, చీకటి రాత్రి పొలము గట్టుమీద నడచువాని చేతి లాంతరు ఊరివరకు వెలుగునియ్యదు. రెండడుగుల గట్టును చూపును. ఆ రెండడుగులు నడిచినవానికి మరి రెండడుగులు కనబడును. నిలుచున్నచోటనే నిలిచి ఊరంతయు కనబడవలెనని కోరువాడు తెల్లవారువరకు అక్కడనే యుండును. 119వ కీర్తనలో భక్తుడు దేవుని వాక్యమును తన పాదములకు దీపమని చెప్పుటలో భావమిదియే. మీలో ఒకరికి పంట పోయియుండవచ్చును. ఒకరి కుమారుడు దూరదేశమున పనికి పోయి జాబు లేకయుండవచ్చును. ఒకరు ఆసుపత్రి మంచముమీద దీనిని చదివించుకొని వినుచుండవచ్చును. సంవత్సరాంతమున ఏమగునో దేవుడు మీకు ఈ రాత్రి చూపకపోవచ్చును. రేపటి ఉదయమున చేయవలసిన ఒక్క పని, క్షమింపవలసిన ఒక్క పొరుగువాడు, తీర్చవలసిన ఒక్క ఋణము తప్పక చూపును. దానిని చేయుడి. గాలి లేని సముద్రముమీద కూడ దేవుడు ఓడను మరచిపోడు.