కాండీ ప్లానులో వేలూరు

కాండీకి మూడు రోజుల ప్లాన్ వేసుకోవడం పెద్ద కష్టమేం కాదు. మొదటి రోజు దలదా మాళిగావ, అంటే బుద్ధుడి దంతధాతువు ఉన్న ఆలయం, దాని పక్కనే చెరువు. రెండో రోజు పేరాదెణియ తోట. మూడో రోజు టీ తోటల మధ్యగా నువర ఎలియ వైపు రైలు. ఎవర్నడిగినా ఇదే చెప్తారు. నేను రాసుకున్న కాగితం మీదా ఇదే ఉంది. కానీ ఆ ఊరి గురించి చదివేకొద్దీ ఆలయం, చెరువు, టీ తోట మూడింటి వెనకా ఒకే ప్రశ్న కనిపిస్తోంది: ఇక్కడ పరాయివాళ్లెవరు?

ఆ ప్రశ్నతో మనకూ చుట్టరికం ఉంది. కాండీ రాజుకి పట్టపురాణి క్షత్రియ వంశం నుంచే రావాలని ఆనవాయితీ. అందుకని మదురై వైపు నాయక కుటుంబాలతో సంబంధాలు కలుపుకునేవారు. విజయనగర కాలంలో తమిళదేశం వెళ్లి స్థిరపడ్డ తెలుగు నాయకుల సంతతి వాళ్లు. 1739లో వీర నరేంద్రసింహ రాజు పట్టపురాణి వల్ల సంతానం లేకుండా చనిపోయాడు. ఆయన బావమరిది శ్రీ విజయ రాజసింహ పేరుతో గద్దెనెక్కాడు. అప్పటికి మదురైలో నాయకుల రాజ్యం పోయి మూడేళ్లు. అక్కణ్ణుంచి 1815 దాకా కాండీని ఏలింది నలుగురు నాయక రాజులు.

"లంకనేలిన తెలుగువాళ్లు" అని మీసం మెలెయ్యడానికి ఈ ముక్క చాలు. కానీ వాళ్లు అక్కడ నిలదొక్కుకున్నది తెలుగుతనంతో కాదు. రెండోవాడైన కీర్తిశ్రీ రాజసింహనే చూడండి. లంకలో భిక్షువులకి ఉపసంపద, అంటే పూర్తి దీక్ష, ఇచ్చే పరంపర తెగిపోయి ఉంటే 1753లో సయాం నుంచి ఉపాలి అనే స్థవిరుణ్ణి రప్పించి మళ్లీ నిలబెట్టాడు. దంబుల్ల గుహల్లో చిత్రాలు వేయించాడు. అంతకుముందు దేవతల ఊరేగింపుగా సాగిన ఎసల పెరహెరలో దంతధాతువుని అందరికంటే ముందు నడిపించే పద్ధతి ఆయన కాలంలోనే వచ్చింది. ఇవాళ పర్యాటకులు నెలల ముందే హోటళ్లు బుక్ చేసుకునేది ఆ ఊరేగింపు కోసమే. అయినా 1760లో కొందరు ప్రభువులూ భిక్షువులూ కలిసి ఆయన్ని చంపడానికి కుట్ర పన్నారు. ఆయన మీద వాళ్ల ఫిర్యాదుల్లో ఒకటి, నుదుట విబూది పెట్టుకుంటాడని.

చివరివాడు శ్రీ విక్రమ రాజసింహ. మనం ఫొటోలు దిగే చెరువు ఆయన కట్టించిందే, అదీ జనం చేత వెట్టిచాకిరీ చేయించి. ఎహెలేపొల అనే పెద్ద అధికారి ఎదురు తిరిగితే, 1814లో అతని భార్యాబిడ్డల్ని చంపించాడు. ఆ క్రూరత్వం ఇంగ్లీషువాళ్లకి బాగా కలిసొచ్చింది. ఆయన గురించి వాళ్లు రాసిపెట్టిన కథల్ని ఎంతవరకు నమ్మొచ్చో తిరిగి పరిశీలిస్తూ గణనాథ ఒబేశేఖర 2017లో ఒక పుస్తకమే రాశారు.

1815 ఫిబ్రవరి 18న రాజు పట్టుబడ్డాడు. మార్చి 2న ఆలయం ఆవరణలోనే ఉన్న మగుల్ మడువలో, చెక్క స్తంభాల కొలువుకూటంలో, సింహళ ప్రభువులు రాజ్యాన్ని ఇంగ్లీషువాళ్లకి రాసిచ్చారు. ఆ ఒప్పందంలో రాజు బంధువులైన మగవాళ్లని రాజ్యం నుంచి వెలివేశారు. "మలబారు" కులపు మగవాళ్ల ప్రస్తావనా అందులో ఉంది. దక్షిణాది నుంచి వచ్చినవాళ్లకి అప్పట్లో ఇంగ్లీషువాళ్లు తగిలించిన పేరది. తెలుగా, తమిళమా అన్న తేడాతో దానికి పనిలేదు. మనవాళ్లని మురిసిపోయే ముందు ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి.

తర్వాత కొండల మీద కాఫీ వచ్చింది. దాన్ని ఆకుతెగులు తినేశాక టీ వచ్చింది. కాండీకి దగ్గర్లోని లూల్‌కందురలో 1867లో జేమ్స్ టేలర్ 19 ఎకరాల్లో టీ వేశాడు. ఆకు కోసే చేతులు తమిళ జిల్లాల నుంచి వచ్చాయి. 1948లో స్వతంత్ర లంక చేసిన పౌరసత్వ చట్టంతో ఆ కూలీల సంతతిలో దాదాపు 7 లక్షల మంది ఏ దేశానికీ చెందకుండా పోయారు. 1964 ఒప్పందంలో రెండు దేశాలూ వాళ్లని లెక్కగట్టి పంచుకున్నాయి: ఇండియాకి 5,25,000, లంకకి 3,00,000. మిగిలిపోయినవాళ్లకి పౌరసత్వం ఇచ్చే చట్టం 2003లో గానీ రాలేదు.

అదే 1948లో లంక ఎగరేసిన సింహం జెండా ఎవరిదనుకున్నారు? 1815లో ఇంగ్లీషువాళ్లు లండన్ పట్టుకుపోయిన శ్రీ విక్రమ రాజసింహది. పరాయివాడని దించేసిన రాజు జెండా జాతికి గుర్తయింది. కొండల్లో తరాలుగా బతికినవాళ్లు మాత్రం పరాయివాళ్లయ్యారు.

అందుకే నా ప్లానుకి ముందు ఇంకో రోజు కలిపాను. ఆ రాజుని 1816లో వేలూరు కోటకి తెచ్చి పెట్టారు. 1832లో అక్కడే చనిపోయాడు. సమాధి పాలారు ఒడ్డున ఉంది. చిత్తూరు నుంచి గంట ప్రయాణం, వీసా అక్కర్లేదు.